‘గ్రూపింగ్’కి సరిపోయే తెలుగు మాట ఏది?

ఫొటోల యాప్ మెనూలను తెలుగులోకి మారుస్తున్నాను. మూడు రోజులుగా ఒక్క బటన్ దగ్గరే ఆగిపోయాను. దాన్ని నొక్కితే ఒకే తేదీ ఫొటోలన్నీ ఒకచోట చేరి, వరుసగా అమరుతాయి. అంటే చేరిక, అమరిక రెండూ ఒకే మాటలో రావాలి. బటన్ మీద ఎనిమిది అక్షరాలకు మించి పట్టవు.

నిఘంటువులు తిరగేశాను. ‘గుంపు’లో వరుస లేదు, జనం తోసుకుంటున్నట్టు ఉంటుంది. ‘సమూహం’ కూడా అంతే, కాస్త మర్యాదగా. ‘గుత్తి’ బాగుంది కానీ తాళాల గుత్తిలా అన్నీ ఒక్కచోట తగులుకుని వేలాడాలి. ‘దొంతర’ అంటే కుండల్లా ఒకదానిమీద ఒకటి ఎక్కాలి, ఇక్కడ ఫొటోలు పక్కపక్కన ఉంటాయి. ‘అమరిక’లో చేరిక లేదు. ‘సమితి’ అంటే లెక్కల క్లాసు గుర్తొస్తుంది, పైగా సమితిలో క్రమంతో పనే లేదు.

‘వర్గం’ పెట్టి ఇద్దరికి చూపించాను. ఒకరు ఐదు వర్గం ఇరవై ఐదు అన్నారు, ఇంకొకరికి అసమ్మతి వర్గం గుర్తొచ్చిందట! ‘వర్గీకరణ’ అర్థానికి దగ్గరే, కానీ అది ఆఫీసు ఫైలు భాష.

ప్రస్తుతానికి ‘కూర్పు’ అని పెట్టాను. పూలు కూర్చినట్టు, చేర్చడం, అమర్చడం రెండూ అందులో ఉన్నాయనిపించింది. కానీ అదే యాప్‌లో ‘వెర్షన్’కి కూడా ఇప్పటికే ‘కూర్పు’ అనే ఉంది.

‘తేదీవారీ ____’ అన్నచోట చదవగానే అర్థమయ్యే మాట మీరైతే ఏది పెడతారు?