సొంతంగా బాణీలు కట్టేవాళ్లూ, ఎవరి మాటతో మీ పాట బాగుపడింది?

బాణీలబాట (రాజమండ్రి)

నమస్తే అండీ అందరికీ. నా ఉద్యోగం వేరు, ఇష్టం వేరు. చిన్నప్పుడు వర్ణాల దాకా నేర్చుకుని ఆపేశాను. ఇప్పుడు ఇంట్లోనే కీబోర్డు, ల్యాప్‌టాప్, ఒక మైకు పెట్టుకుని లలితగీతాలకి బాణీలు కడుతున్నాను. ఇంట్లోవాళ్లకి వినిపిస్తే "చాలా బావుంది" అంటారు. స్నేహితులకి పంపితే చప్పట్ల బొమ్మ వస్తుంది. వాళ్ల అభిమానానికి సంతోషమే గానీ, పాటలో ఎక్కడ ఏం మార్చుకోవాలో దానితో తెలియదు కదా.

కొత్త పాట ఒకటి పెడుతున్నాను. సాహిత్యం కూడా నాదే. పల్లవి ఇది:

చెట్టు కొమ్మన చినుకు జారెను
చెరువు గుండెను తడిమి పోయెను

రాగం మోహన, ఒకటి శ్రుతి (అంటే కీబోర్డు మీద సీ నా షడ్జం). 4/4 లూప్ (తిరిగి తిరిగి మోగే తాళం ముక్క) మీద కట్టాను. కార్డ్స్ (వెనక ఒకేసారి మోగే స్వరాల గుంపులు) సీ మేజర్, ఎఫ్ మేజర్, జీ మేజర్. పల్లవి రెండోసారి వచ్చేటప్పటికి రాగం జారిపోతున్నట్టు నాకే అనిపిస్తోంది. పాడిన స్వరాలు మాత్రం సరిగ్గానే ఉన్నాయి. మా చెల్లి విని, మాటలు సరిగ్గా వినపడట్లేదంది. మొహమాటం లేకుండా చెప్పండి. అలాగే మీ పాటలకి నిజంగా పనికొచ్చిన సలహా ఏదైనా ఉంటే అదీ రాయండి, అందరికీ ఉపయోగపడుతుంది.

శ్రుతిపెట్టె (కాకినాడ)

బాబూ, పాట విన్నాను. గొంతు నిలకడగా ఉంది. మీ సందేహం సరైనదే, రాగం జారుతోంది. జారుతున్నది గొంతులో కాదు, కార్డ్స్‌లో.

మోహనలో ఉన్నవి స రి గ ప ద. మధ్యమం, నిషాదం లేవు. మీరు ఒకటి శ్రుతిలో పాడారు కాబట్టి ఎఫ్ అంటే మధ్యమం, బీ అంటే నిషాదం. ఎఫ్ మేజర్ కార్డులో మధ్యమం, జీ మేజర్ కార్డులో నిషాదం ఉన్నాయి. పల్లవి మొదటిసారి సీ మేజర్ మీదే నడిచింది కాబట్టి మోహన మోహనలాగే ఉంది. రెండోసారి "చెరువు" దగ్గర జీ మేజర్ పడగానే మీ గొంతు పంచమం మీద ఉన్నా చెవికి నిషాదం వినపడింది. అక్కడినుంచి శంకరాభరణం ఛాయ వచ్చేసింది.

రాగంలోనే ఉండే కార్డ్స్ చూడండి. సీ మేజర్ (స గ ప), ఏ మైనర్ (ద స గ) రెండూ పూర్తిగా మోహనవే. జీ మేజర్ బదులు జీ సస్‌ఫోర్ (కార్డులో మూడో స్వరం తీసి నాలుగోది పెట్టేది) వేస్తే ప స రి వస్తాయి, నిషాదం తప్పిపోతుంది. డీ సస్‌ఫోర్‌లో రి ప ద. ఈ నాలుగింటితో పల్లవి మొత్తం లాగించవచ్చు.

ఇంకో మాట. గాంధారం, ధైవతం మీద మీరు గమకం వేయకుండా సూటిగా నిలబడుతున్నారు. లలితగీతానికి బరువైన గమకం అక్కర్లేదు గానీ, కాస్తయినా ఊగాలి. లేకపోతే మోహన తగ్గి హిందుస్తానీ భూప్ ఛాయ ఎక్కువవుతుంది. అది కావాలనే చేస్తే మంచిదే.

ఖమ్మం కీబోర్డు

మాస్టారూ, మీ మాట మీద గౌరవంతోనే చెప్తున్నా, ఒక్క దగ్గర నాకు ఒప్పుదల లేదు. లలితగీతంలో కార్డు రాగం దాటకూడదని రూలు పెట్టుకుంటే పాట అంతా ఒకే రంగులో ఉంటది. పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు ఆర్కెస్ట్రాలో వాయిస్తా కాబట్టి చెప్తున్నా, వినేవాళ్ల చెవి మూడో నిమిషానికి అలసిపోతది.

అన్నా, నా సలహా ఇది. పల్లవిలో మాస్టారు చెప్పినట్టే చెయ్. ఎఫ్ మేజర్‌ను మొత్తం తీసెయ్యకు, గొంతు లేని చోట, అంటే పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే మ్యూజిక్‌లో వాడు. అక్కడ ఫ్లూట్ రాగం దాటి వచ్చినా తప్పు లేదు. మళ్లీ గొంతు ఎత్తుకునే ముందు రెండు బార్లు (తాళం రెండు చుట్లు) ఏ మైనర్ మీద నిలబడితే చెవి మోహనకు తిరిగొస్తది.

కీబోర్డు మీద గమకం గురించి కూడా చెప్తా. పిచ్ బెండ్ వీల్ మామూలుగా అటు రెండు, ఇటు రెండు సెమీటోన్ల దాకా పోతది. మోహనలో గాంధారానికీ పంచమానికీ మధ్య మూడు సెమీటోన్లు. గ నుంచి ప కు జారుడు వేయాలంటే వీల్ చాలదు, సెట్టింగ్స్‌లో బెండ్ రేంజ్ మూడుకు పెంచుకో.

శ్రుతిపెట్టె (కాకినాడ)

మధ్యలో సంగీతం వరకూ అయితే నాకూ అభ్యంతరం లేదు నాయనా. సాహిత్యం పాడుతున్నప్పుడు మాత్రం రాగం మీద చెయ్యి వేయనివ్వను.

నడకలెక్క (నల్గొండ)

మాటలు వినపడట్లేదని మీ చెల్లెలు అన్న మాట దగ్గర ఆగుతాను. నేను తెలుగు చెప్పే మనిషిని, నా చెవి అక్కడికే పోతుంది.

ముందు మీ పల్లవి మాత్రలు లెక్కపెట్టండి. "చెట్టు" మూడు, "కొమ్మన" నాలుగు. "చినుకు" మూడు, "జారెను" నాలుగు. రెండో పాదం కూడా అంతే: "చెరువు" మూడు, "గుండెను" నాలుగు, "తడిమి" మూడు, "పోయెను" నాలుగు. ఇది చక్కటి మిశ్రగతి. గురజాడ వారు 1910లో తెచ్చిన ముత్యాలసరం నడక ఇదే. ఎంత సహజంగా వచ్చిందో! సాహిత్యం రాసేటప్పుడు మీ లోపల ఏడు మాత్రల నడక ఉంది. బాణీ కట్టేటప్పుడేమో ఎనిమిది మాత్రల 4/4 లూప్ మీద కూర్చోబెట్టారు. మిగిలిపోయిన ఆ ఒక్క మాత్రని ఎక్కడో ఒకచోట నింపాలి కాబట్టి మొదటి అక్షరాన్ని సాగదీశారు. 0:48 దగ్గర వినండి, "చినుకు" కాస్తా "చీనుకు" అయింది. 0:55 దగ్గర "తడిమి" "తాడిమి" అయింది. తెలుగులో హ్రస్వాన్ని దీర్ఘం చేస్తే మాటే మారిపోతుంది. మైకు మార్చినా, సౌండ్ పెంచినా ఆ మాట వినపడదు.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, 7/8 లూప్ తీసుకుని 3+4గా కొట్టించడం, మిశ్రచాపులాగా. రెండోది, 4/4 అలాగే ఉంచి, మూడు మాత్రల మాట అయ్యాక నాలుగో మాత్రని మాట చివర ఇవ్వడం. "చినుకు" లో "కు" ని కాస్త నిలిపినా చెవికి కష్టంగా ఉండదు. మన పాటల్లో మాట చివరి అచ్చు సాగడం అలవాటే.

ఒత్తులు, సున్నల సంగతి కూడా గమనించండి. "చెట్టు", "గుండె" రెండింటిలోనూ మొదటి అక్షరం గురువే, రెండు మాత్రలే. కానీ పాడేటప్పుడు రెండూ ఒకటి కావు. "గుండె" లో సున్న మీద స్వరం నిలుస్తుంది, ముక్కుతో ఎంతసేపైనా నాదం సాగించవచ్చు. "చెట్టు" లో ట్ట దగ్గర గాలి ఆగిపోతుంది, స్వరం నిలవదు. మీరు "చెట్టు" మీద పొడుగు స్వరం పెట్టారు, అందుకే అది "చేట్టు" లా వినపడుతోంది. ఆ పొడుగు స్వరాన్ని తెచ్చి "గుండె" మీద పెట్టండి. అర్థానికి కూడా అక్కడే బాగుంటుంది.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. అక్కడి లలితగీతాలు వింటూ పెరిగిన తరం మాది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు కవి, స్వరకర్త, గాయకుడు కూడా. రాసినవాడే బాణీ కడితే మాటా స్వరం పోట్లాడుకోవు. మీకూ ఆ అవకాశం ఉంది, వదులుకోకండి.

బాణీలబాట (రాజమండ్రి)

నడకలెక్క గారూ, ఇన్నాళ్లూ ఈ మాట ఎవరూ చెప్పలేదండీ. మాటలు వినపడట్లేదంటే మైకు మార్చాలేమో అనుకుంటున్నాను. రాత్రికి 7/8 లో ఒకసారి పాడి చూస్తాను.

పదాలతోట (తిరుపతి)

నా అనుభవం కాస్త వేరు. నేను అన్నమయ్య పదాలకి సొంతంగా బాణీలు కడతాను. మొదటిసారి ఒకటి నెట్‌లో పెడితే, అసలు బాణీ చెడగొట్టావని తిట్టినవాళ్లే ఎక్కువ. చాలా బాధేసింది, కొన్నాళ్లు పాడటమే మానేశాను. తర్వాత ఒక పెద్దాయన ఓపిగ్గా చెప్పారు. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద పదంతో పాటు రాగం పేరే ఉంది, స్వరం లేదు. 1408లో పుట్టి 1503లో పోయిన కవి పాడిన వరస మనదాకా రాలేదు. ఇప్పుడు మనం వింటున్న బాణీల్లో చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గార్ల వంటి ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవే. వాళ్లు కట్టారు కాబట్టే అన్నమయ్య మన ఇళ్లలోకి వచ్చాడు. అలాంటప్పుడు కొత్తగా కట్టడం అపచారం ఎలా అవుతుంది?

ఆయనే ఇంకో మంచి సలహా ఇచ్చారు. ఇప్పటికే జనంలో నిలిచిపోయిన పదం జోలికి పోకుండా, ఎవరూ పాడని పదం తీసుకోమన్నారు. వేల పదాలు అలా మిగిలే ఉన్నాయి. పోలిక ఉండదు కాబట్టి వినేవాళ్లు నా బాణీని బాణీగా వింటారు. అప్పటినుంచి వచ్చే మాటల తీరే మారిపోయింది. "చరణం ఎత్తుగడ పల్లవిలాగే ఉంది, ఇంకాస్త పై నుంచి ఎత్తుకో" లాంటివి వస్తున్నాయి. అవి కదా మనకి కావాల్సింది.

మిక్సింగ్‌బల్ల (హైదరాబాద్)

మాటల సంగతి నడకలెక్క గారు తేల్చేశారు. మిగిలిన కాస్తా మిక్సింగ్‌లో ఉంది. స్ట్రింగ్స్ ప్యాడ్ (వెనక సాగుతూ మోగే వయొలిన్ల లాంటి శబ్దం) గొంతు మీద కూర్చుంది. హల్లులు స్పష్టంగా తెలిసేది 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య. గొంతుకి అక్కడ ఏమీ పెంచకండి, ప్యాడ్‌ని ఆ చోట మూడు నాలుగు డీబీ తగ్గించండి చాలు. గొంతు ట్రాక్‌కి 80 హెర్ట్జ్ కింద లో కట్ పెట్టండి, గదిలో గుంయ్‌మనే శబ్దం పోతుంది. తబలా డగ్గా, బేస్ రెండూ ఒకే చోట గుద్దుకుంటున్నాయి, డగ్గా పడ్డప్పుడు బేస్ కాస్త తగ్గేలా చూడండి.

హెడ్‌ఫోన్స్‌లో మిక్స్ చేశారని తెలుస్తోంది. ఒక్కసారి ఫోన్ స్పీకర్‌లో వినండి. చిన్న స్పీకర్లలో బేస్ దాదాపు వినపడదు. అప్పుడు మీ పాటకి నడకే ఉండదు, ఎందుకంటే లయ అంతా బేస్ మీద పెట్టారు. చిడతలో, గజ్జెలో, పైస్థాయిలో మోగేది ఏదైనా ఒకటి లయ పట్టుకోవాలి.

రికార్డింగ్‌లో వెనక ఫ్యాన్ వినపడుతోంది. ఎండాకాలం కష్టమే గానీ, ఆ నాలుగు నిమిషాలూ ఆపాల్సిందే. గుడ్ల అట్టలు గోడకి అతికించి లాభం లేదు, పాడే మనిషి వెనక బరువైన బొంతలు వేలాడదీయండి, ఎంత తేడా వస్తుందో మీకే తెలుస్తుంది. పాడుతుంటే గొంతు ఆలస్యంగా చెవిలో పడుతోందంటే బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పట్టి ఉంచే శబ్దం) తగ్గించండి. 44.1 కిలోహెర్ట్జ్‌లో 256 శాంపిల్స్ అంటే ఆరు మిల్లీసెకన్లకి కాస్త తక్కువే, దానికి సౌండ్ కార్డు, దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఇంకొంచెం కలుపుతాయి.

చివరి ఫైల్ 24 బిట్ వేవ్‌గా తీయండి. సౌండ్ పెంచడానికి లిమిటర్‌ని (సౌండ్ ఒక హద్దు దాటకుండా అణిచేదాన్ని) అంత గట్టిగా నొక్కకండి. యూట్యూబ్ ఎలాగూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినపడుతుందో కొలిచే లెక్క) దగ్గరికి తగ్గించేస్తుంది. మీకు మిగిలేది నలిగిపోయిన గొంతే.

ఖమ్మం కీబోర్డు

లూప్స్ గురించి ఒక హెచ్చరిక. ఫ్రీగా దొరికిన తబలా లూప్ ఒకటి వాడి పాట పెడితే, అదే లూప్ వాడిన ఇంకెవరో తమదని క్లెయిమ్ వేశారు. లూప్ ఎక్కడ తీసుకున్నది, లైసెన్సు ఏమిటన్నది దాచుకున్న కాబట్టి బయటపడ్డ. మీరూ దాచుకోండి.

నడకలెక్క (నల్గొండ)

దానికి తోడు ఇంకొకటి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. హక్కు రావాలంటే రిజిస్టర్ చేయాలని లేదు, పాట తయారైనప్పుడే హక్కు పుడుతుంది. సాహిత్యం ఒకరిది, బాణీ ఒకరిది అయితే ఎవరి హక్కు వారిదే. స్నేహమే కదా అనుకోకుండా ముందే ఒక కాగితం రాసుకోండి. స్నేహం నిలవాలన్నా అదే మంచిది.

పెరటిగొంతు (డల్లాస్)

నేను బాణీలు కట్టను, ఇక్కడివాళ్ల బాణీలకి ట్రాక్ పాడి పంపుతుంటాను. పాడేవాళ్ల వైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి.

చాలామంది కీబోర్డు మీద కడతారు. కీబోర్డుకి ఊపిరి అక్కర్లేదు, మాకు కావాలి. ఈ పాట చరణంలో నాలుగు పాదాలు ఎక్కడా ఖాళీ లేకుండా వచ్చాయి, గాలి పీల్చుకునే చోటే లేదు. రెండో పాదం తర్వాత అర బార్ వదిలేయండి, ఫ్లూట్ అక్కడ జవాబు చెప్తుంది.

స్థాయి కూడా చూసుకోండి. మంద్ర పంచమం నుంచి తార పంచమం దాకా రెండు స్థాయిలు వాడారు. శిక్షణ ఉన్నవాళ్లు పాడేస్తారు. కానీ పల్లవి చివరిసారి పాడేటప్పుడు "తడిమి" అన్న మాటని తార పంచమంలో పెట్టారు. అంత మెత్తని మాట అక్కడ అరుపులా వస్తుంది. పై స్వరం కావాలంటే "జారెను" మీద పెట్టి అక్కడినుంచి కిందికి దిగండి, చినుకు కూడా పైనుంచే కదా జారేది.

నా చేత పాడించాలనుకుంటే ఐదు శ్రుతిలో ట్రాక్ పంపండి. ఆడియోని అలాగే పిచ్ మార్చి పంపకండి, తంబుర, ఫ్లూట్ గొంతు మారినట్టు వికారంగా వస్తాయి. మిడి ట్రాక్స్ (శబ్దం కాకుండా ఏ స్వరం ఎప్పుడు మోగాలో రాసి ఉండేవి) ట్రాన్స్‌పోజ్ చేయండి, అంటే శ్రుతి మార్చండి. తబలా శాంపిల్ శ్రుతి మార్చడం మర్చిపోతారు చాలామంది. ట్రాక్ అంతా ఐదులో ఉండి తబలా ఒకటిలో మోగుతుంటే పాడేటప్పుడు ఆధార షడ్జం ఏదో తెలియదు.

బాణీలబాట (రాజమండ్రి)

అందరికీ ధన్యవాదాలండీ. 7/8 లో పాడి చూశాను. "చినుకు" చినుకులాగే పలికింది. జీ మేజర్ తీసి సస్‌ఫోర్ పెట్టగానే పల్లవి రెండోసారి కూడా మోహనలోనే ఉంది. ఎఫ్ మేజర్‌ని ఖమ్మం తమ్ముడు చెప్పినట్టు మధ్య సంగీతంలోకి మార్చాను, ఫ్లూట్ బిట్ ఇంకా కుదరాలి. "జారెను" పైనుంచి దిగడం అద్భుతంగా ఉందండీ పెరటిగొంతు గారూ. ఒక సందేహం. ఐదు శ్రుతికి మారిస్తే కింద మంద్ర ధైవతం మీకు అందుతుందా? చరణం మొదలే అక్కడ.

పెరటిగొంతు (డల్లాస్)

అందుతుంది గానీ ఒట్టి గాలిలా వస్తుంది. చరణాన్ని మధ్య షడ్జం నుంచి ఎత్తుకుని, రెండో పాదంలో ధైవతాన్ని ఒక్కసారి తాకి పైకి వచ్చేలా రాసి పంపండి. మెట్రోనోమ్ ట్రాక్ విడిగా పెట్టండి. 7/8 లో మొదటి దెబ్బ ఎక్కడుందో నాకు స్పష్టంగా వినపడాలి.