హోటల్ పాయింట్లు పోగేసుకోవాలా, యాప్‌లో చవగ్గా దొరికింది కొట్టేయాలా?

మిర్చియార్డ్_గుంటూరు:
యాపారం పని మీద నెలకి రెండు మూడు రాత్రులు హైదరాబాదో చెన్నైయో పోవాల్సొస్తది, ఏడాదికి ఓ 30 వేసుకోండి, అంతా సొంత జేబే. మా బావమరిది మారియట్ హోటళ్ల పాయింట్ల స్కీము ఉంది కదా, ఆ బాన్వాయ్‌లో చేరు బావా అని ఒకటే పోరు. 6000 రూమ్ బయట బుకింగ్ యాప్‌లో కార్డు ఆఫర్ కలిపి 5100కి వస్తుంటే పాయింట్ల కోసం 900 వదులుకోవాలా?

పటమట_పక్షి:
వద్దన్నా. అందులో చాలా బ్రాండ్లకి డాలర్‌కి 10 పాయింట్లు, 6000కి 700 అటూఇటూ వస్తాయి, ఫ్రీ నైట్‌కేమో వేలల్లో కావాలి, అది కూడా ఏ హోటల్‌కి ఎన్ని పాయింట్లో చెప్పే చార్టు 2022లో ఎత్తేశాక ఏ రోజు ఎన్ని అడుగుతాడో వాడిష్టం. రెండేళ్లు అకౌంట్‌లో కదలిక లేదంటే ఉన్నవీ గోవిందా.

బ్రాడీపేట_నాలుగోలైన్:
పక్షి గారు పాయింట్లే చూస్తున్నారు. 25 రాత్రులకి గోల్డ్ మెంబర్ హోదా, ఖాళీ ఉంటే మధ్యాహ్నం 2 దాకా చెకౌట్, పార్టీని కలిసొచ్చి స్నానం చేసి బండెక్కొచ్చు. అయితే యాప్‌లో బుక్ చేస్తే ఆ రాత్రులు లెక్కలోకి రావు, హోటల్ సైట్‌లోనే చెయ్యాలి. నేనోసారి చవక అని యాప్‌లో తీసుకుని రాత్రి 11కి పోతే మీ బుకింగ్ మాకు రాలేదన్నాడు రిసెప్షన్‌లో, యాప్ వాళ్లకి ఫోన్ చేస్తే పాట వినిపించారు గంటసేపు, 900 మిగిలిందని సంతోషపడాలా ఇప్పుడు?

పటమట_పక్షి:
అదొక్కసారి. 900 చొప్పున 30 సార్లంటే 27,000 అండి. బ్రేక్‌ఫాస్ట్ కూడా గోల్డ్‌కి రాదు, దానికి 50 రాత్రుల ప్లాటినం కావాలి (మన బాబాయ్ హోటల్ ఇడ్లీ తిన్న నోటికి ఆ బఫే ఇడ్లీ ఎట్టాగూ ఎక్కదనుకోండి).

బెంజిసర్కిల్_బాబాయ్:
ఇద్దరూ జీఎస్టీ మర్చిపోయారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7500 లోపు రూమ్‌కి 5 శాతం, దాటితే 18. 7700 రూమ్ పన్నుతో 9086, అదే 7400కి దొరికితే 7770. తేడా 300 కాదు, 1300 పైమాట. కాబట్టి ముందు హోటల్ సైట్‌లో మెంబర్ రేటు చూడు, చేరడానికి పైసా అక్కర్లేదు. అదే రూమ్, అవే కండిషన్లతో బయట తక్కువుంటే హోటల్ సైట్‌లో బుక్ చేసిన 24 గంటల్లో వాళ్లకే క్లెయిమ్ పెట్టు, ఆ రేటు ఇచ్చి ఇంకో 25 శాతం తగ్గిస్తారు, లేదా 5000 పాయింట్లు. కార్డు ఆఫర్లూ కూపన్లూ మాత్రం ఒప్పుకోరు.

మిర్చియార్డ్_గుంటూరు:
నాది కార్డు ఆఫరే కదా బాబాయ్, ఇంకెక్కడి క్లెయిమ్. ఫ్రీ కాబట్టి చేరి పడుంటా, తేడా రెండొందల్లోపుంటే హోటల్ సైట్, దాటితే యాప్. బావమరిదికి మాత్రం చేరానని ఒక్క ముక్కే చెప్తా.