షార్ట్ షిఫ్టర్‌ను ఇంటి దగ్గరే బిగించుకోవచ్చా? (విజయనగరం, కేబుల్ గేర్ల కారు)

ప్రశ్న: కంటోన్మెంట్ కుర్రాడు

నమస్కారమండి. మాది విజయనగరం. నా దగ్గర ఐదు గేర్ల పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ ఉంది, వారంటీ ఎప్పుడో ముగిసింది. గేర్ రాడ్ నుంచి గేర్ బాక్సుకు రెండు కేబుళ్లు వెళతాయి. ఉద్యోగరీత్యా తరచు గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా కొరాపుట్ వైపు వెళ్లవలసి వస్తుంది. సాలూరు దాటి ఘాట్ ఎక్కేటప్పుడు రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్య చేతికి విశ్రాంతి ఉండదు. రాడ్‌ను చాలా దూరం జరపవలసి వస్తోంది, పైగా మూడో గేరు పడిందో లేదో ఒక్కోసారి చేతికి తెలియడం లేదు. మా మోడల్‌కు సరిపోతుందని చెబుతున్న షార్ట్ షిఫ్టర్ (గేర్ రాడ్‌ను జరపవలసిన దూరాన్ని తగ్గించే భాగం) కిట్ ఒకటి ఆన్‌లైన్‌లో చూశాను. సాకెట్ సెట్టు, జాకీ, స్టాండ్లు ఉన్నాయి, బ్రేకు ప్యాడ్ల వంటి పనులు నేనే చేసుకుంటాను. ఈ పని ఇంట్లో సాధ్యమేనా, ఘాట్‌లో నిజంగా సుఖం ఉంటుందా, గేర్ బాక్సుకు చేటు జరుగుతుందా, తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: ఆమదాలవలస షెడ్డు

మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ ఒకటి కావండి. రాడ్ ఎక్కువ దూరం కదలడం ఆ కారు తయారీలోనే ఉన్న లక్షణం. గేరు పడిందో లేదో తెలియకపోవడం మాత్రం అరుగుదల. కేబుల్ కొసల్లో ఉండే ప్లాస్టిక్ లేదా రబ్బరు బుష్‌లు వదులైతే, మీ చెయ్యి కదిపిన దూరంలో కొంత ఆ వదులులోనే పోతుంది. దాని మీద షార్ట్ షిఫ్టర్ బిగిస్తే వదులు అలాగే ఉంటుంది, మొత్తం కదలిక తగ్గుతుంది కాబట్టి అందులో వదులు వాటా ఇంకా పెద్దదిగా తోస్తుంది.

డబ్బు పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, మూడో గేరులో ఉంచి, బానెట్ ఎత్తి, గేర్ బాక్సు మీద కేబుళ్లు తగులుకునే లివర్లను ఒకరు చూస్తుండగా మరొకరు లోపల రాడ్‌ను మెల్లగా అటూ ఇటూ ఆడించాలి. లోపల రాడ్ కదులుతున్నా అక్కడ లివర్ కదలకపోతే లోపం బుష్‌లలోనో కేబుల్‌లోనో ఉందన్నమాట. మా షెడ్డుకు "గేర్ బాక్సు పోయింది" అని వచ్చే పాత కార్లలో చాలా వాటికి ఈ బుష్‌లు మారిస్తే పని అయిపోతుంది. నన్నడిగితే కిట్ సంగతి ఆ తరువాతే.

జవాబు: చీపురుపల్లి మాస్టారు

షెడ్డు వారు చెప్పినదానికి లెక్క జోడిస్తాను. గేర్ రాడ్ ఒక మీట. మధ్యలో ఉన్న బంతి దాని ఆనుడు బిందువు. ఉదాహరణకు బంతికి పైన 250 మిల్లీమీటర్లు, కింద 50 మిల్లీమీటర్లు ఉన్నాయనుకుందాం, నిష్పత్తి 5 అవుతుంది. గేరు పడడానికి కేబుల్ 20 మిల్లీమీటర్లు కదలాలంటే మీ చెయ్యి సుమారు 100 మిల్లీమీటర్లు కదలాలి. కిట్‌లోని రాడ్‌కు కింది భాగం 65 మిల్లీమీటర్లు ఉంటే, అదే పనికి చెయ్యి దాదాపు 77 మిల్లీమీటర్లు కదిలితే చాలు. కదలిక 23 శాతం తగ్గింది, కానీ చేతి మీద పడే బలం 30 శాతం పెరిగింది. పై భాగాన్ని కోసి పొట్టి చేసినా ఇదే బేరం: 250ని 200 చేస్తే కదలిక 20 శాతం తగ్గి, బలం 25 శాతం పెరుగుతుంది. బలం పెరగకుండా కదలికను మాత్రమే తగ్గించే కిట్ ఉందని ఎవరైనా అంటే ఆ మాట నమ్మనక్కరలేదు.

గేర్ బాక్సు లోపల సింక్రో రింగు, గేరు పడే ముందు గేరు చక్రం వేగాన్నీ షాఫ్టు వేగాన్నీ సమానం చేయడానికి తీసుకునే సమయం రాడ్ పొడవును బట్టి మారదు. అందువల్ల రాడ్ పొట్టిదైంది కదా అని విసురుగా తోస్తే ఆ రింగు త్వరగా అరుగుతుంది, ముఖ్యంగా ఘాట్‌లో మూడు నుంచి రెండుకు దించేటప్పుడు. చేటు కిట్ వల్ల కాదు, దానితో అలవాటయ్యే తొందర వల్ల వస్తుంది. రోజుకు నాలుగు గంటలు ఘాట్‌లో నడిపేవారికి 30 శాతం అదనపు బలం మణికట్టుకు సుఖమా అన్నది మీరే ఆలోచించుకోవాలి. నాకైతే కాదనిపిస్తుంది.

జవాబు: కళింగపట్నం రోడ్డు

మాస్టారి లెక్కతో నాకు పేచీ లేదు. అయినా నా కారుకు కిట్ బిగించుకున్నాను, సంతోషంగానే ఉన్నాను, కాబట్టి పని జరిగే తీరు చెబుతాను. పాత జీపుల్లో రాడ్ నేరుగా గేర్ బాక్సు మీదే కూర్చుంటుంది, మారుతి 800 వంటి వాటిలో కింద నుంచి ఇనుప రాడ్లు వెళతాయి కాబట్టి కారు లేపి కిందికి దూరవలసి వస్తుంది. మీది కేబుళ్లది కనుక పని ఎక్కువగా కారు లోపలే జరుగుతుంది.

ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి కొంతసేపు ఆగండి. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోలు పెట్టె సరిగ్గా గేర్ రాడ్ చుట్టూ సీట్ల మధ్య ఉండే ప్లాస్టిక్ కన్సోల్ కిందే ఉంటుంది, అక్కడ పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే వాటిని ముట్టుకోవద్దు. నాబ్, రాడ్ చుట్టూ ఉండే తోలు తొడుగు (బూటు), కన్సోల్ తీశాక రాడ్ కూర్చున్న గూడు, రెండు కేబుల్ కొసలు కనిపిస్తాయి. ఒక కేబుల్ రాడ్ ముందుకీ వెనక్కీ కదలడానికి, ఇంకొకటి పక్కలకు కదలడానికి. విప్పక ముందే ఫోనుతో ఫోటోలు తీసుకోండి, కేబుల్ ఏ రంధ్రంలో ఎంత లోతున ఉందో గుర్తు పెట్టండి. క్లిప్పులు తీసేటప్పుడు పైన గుడ్డ కప్పకపోతే అవి ఎగిరి సీటు కిందికి పోతాయి. కేబుల్ కొసను స్క్రూడ్రైవర్‌తో ఒక పక్క నుంచే ఎత్తితే ప్లాస్టిక్ చెవి విరుగుతుంది, రెండు వైపుల నుంచీ సమానంగా ఎత్తాలి. మా వైపు సముద్రపు గాలికి గూడు బోల్టులు తుప్పుతో పట్టేస్తాయి కనుక ముందు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచుతాను. విజయనగరంలో ఆ బాధ కొంత తక్కువే.

కొత్త రాడ్ కూర్చోబెట్టాక బంతికి పలచగా గ్రీజు రాసి, కింది కొస గూడు అంచుకు ఎక్కడా తగలడం లేదని ఐదు గేర్లలోనూ, రివర్స్‌లోనూ చేతితో చూసుకోవాలి. తరువాత న్యూట్రల్‌లో రాడ్ నిటారుగా నిలిచేలా కేబుళ్లు సరిచేయాలి. కొన్ని కార్లలో ఇందుకోసం రాడ్‌కూ గూడుకూ మధ్య పిన్ను దూర్చే రంధ్రం ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం రివర్స్ అడ్డు. రింగు ఎత్తితే గానీ, లేదా రాడ్‌ను కిందికి నొక్కితే గానీ రివర్స్ పడని కారులో, కిట్ బిగించాక కూడా ఆ అడ్డు అలాగే పనిచేయాలి. ఐదో గేరు నుంచి కిందికి దించేటప్పుడు రాడ్ రివర్స్ వైపు జారే అవకాశం ఏ కొంచెం కనిపించినా ఆ కిట్ తిరిగి ఇచ్చేయండి.

అన్నీ సరిగ్గా ఉన్నాయనిపిస్తే చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, ఇంజను ఆన్ చేసి, క్లచ్ తొక్కి మళ్లీ ప్రతి గేరూ వేసి చూడండి. మొదటి నడక ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద, పగటి పూట పెట్టుకోండి, ఘాట్‌కు తరువాత వెళ్లవచ్చు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక కన్సోల్ తీసి బోల్టుల బిగుతు మళ్లీ చూడాలి. పాత రాడ్, క్లిప్పులు పారేయవద్దు.

ప్రశ్నించినవారు: కంటోన్మెంట్ కుర్రాడు

అందరికీ కృతజ్ఞతలండి. షెడ్డు వారు చెప్పిన పరీక్ష మా తమ్ముడిని తోడు పెట్టుకుని చేశాను. లోపల రాడ్ వేలెడు దూరం ఆడుతున్నా గేర్ బాక్సు దగ్గర లివర్ నిశ్చలంగానే ఉంది. కాబట్టి ముందు బుష్‌లు మారుస్తాను. అయితే ఇక్కడి దుకాణంలో కేబుల్ మొత్తం కొనాలని, బుష్ విడిగా రాదని అంటున్నారు. ఇంకో సందేహం, గేర్ ఆయిల్ కూడా ఇప్పుడే మార్చడం మంచిదా?

జవాబు: ఆమదాలవలస షెడ్డు

పాత బుష్ విప్పి దాని లోపలి, బయటి కొలతలు వెర్నియర్‌తో తీసి, నమూనాతో సహా విశాఖ గాజువాక ఆటోనగర్‌లో అడగండి, చాలా మోడళ్లకు విడిగానే దొరుకుతాయి. కేబుల్ లోపలి తీగ కూడా బిగుసుకుపోయి ఉంటే మాత్రం కేబుల్ మార్చక తప్పదు. ఆయిల్ మార్చవచ్చు గానీ, మీ కారు పుస్తకంలో జీఎల్-4 (గేర్ ఆయిల్ గ్రేడు) అని ఉంటే అదే పోయించండి. జీఎల్-5 ఇంకా మంచిదని దుకాణంలో చెప్పినా తీసుకోవద్దు, అందులోని గంధకపు రసాయనాలు కొన్ని రకాల్లో ఇత్తడి సింక్రో రింగులకు పడవు. పోసే ముందు నింపే బోల్టు ఊడి వస్తోందో లేదో చూసుకుని, ఆ తరువాతే పాత ఆయిల్ దించే కింది బోల్టు విప్పండి.