కొరియన్ ‘త్వేయో’కు మన ‘అయితాదా’ ఎంతవరకు సరిపోతుంది?

అనంతపురం నుంచి:
2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ మొదలైన తర్వాత ఆ పక్క కొరియన్ బోర్డులు మనకు అలవాటయ్యాయి. దక్షిణ కొరియాకు ఒక్కరే పోయి, తిరుగుతూనే భాష పట్టుకోవాలనుకునేవాళ్ళ కోసం ఈ ప్రశ్న. ‘త్వేయో’ అనే మాటకు పాఠాల్లో ‘అవుతుంది’ అని అర్థం చెప్పి వదిలేస్తారు. అక్కడివాళ్ళేమో కార్డు తీసుకుంటారా అని అడగడానికీ, ఫొటో తీసుకోవచ్చా అనడానికీ, ఇంక చాలు అనడానికీ ఆ క్రియనే వాడతారు. మన ‘అయితాది’ దీనితో ఎంత దూరం పోతుంది?

పెనుకొండ నుంచి:
చానా దూరం పోతుందన్నా. ఒంటరిగా తిరిగేవాళ్ళు మొదట గట్టిగా పట్టుకోవలసిన క్రియ ఇదే. నామవాచకం ఒకటి ముందు పెడితే ప్రశ్న తయారు. ‘ఖాదు ద్వేయో?’ అంటే ‘కార్డు అయితాదా?’ (ఇంకో మాట ముందుంటే ‘త్వేయో’ ‘ద్వేయో’గా వినపడుతుంది.) ‘వాయిఫాయి ద్వేయో?’ అంటే వైఫై పనిచేస్తుందా అని. ‘ఛుంగ్‌జొన్ ద్వేయో?’ రెండు పనులకు పనికొస్తుంది: ఫోన్ చార్జింగుకూ, బస్సు–మెట్రోల టీమనీ కార్డులో డబ్బు వేయించుకోవడానికీ అక్కడ మాట ఒకటే. అడిగేటప్పుడు ఆ వస్తువు చేతిలో చూపించండి. టీమనీలో వేయించడానికి నోట్లు దగ్గర పెట్టుకోండి.

తిండి దగ్గర ఈ మాట చేసే పని ఇంకోటి. ఒక్కరే పోయినప్పుడు పెద్ద చిక్కు తిండి దగ్గరే వస్తుంది. మాంసం కాల్చుకుని తినే హోటళ్ళలో, పెద్ద గిన్నెలో పులుసు ఉడికించి పెట్టేచోట చాలావరకు ఇద్దరికి సరిపడా తీసుకుంటేనే వడ్డిస్తారు. కూర్చోకముందే, గుమ్మం దగ్గరే ‘ఇరిన్‌బున్ ద్వేయో?’ అని అడగాల. ‘ఒక్కరి వంతు అయితాదా?’ అని. విడివిడిగా రాస్తే అది ‘ఇల్ ఇన్‌బున్’. పలికేటప్పుడు ‘ల్’ పక్క అచ్చు మీదికి పోయి ‘ర’ అవుతుంది.

ఇక్కడ చాలామంది తప్పేది అంకెల్లో. కొరియన్‌లో అంకెలు రెండు వరుసలు. వంతులకూ, డబ్బుకూ, నిమిషాలకూ చైనా నుంచి వచ్చిన ‘ఇల్, ఇ, సమ్’. మనుషులకూ, వస్తువులకూ, గంటలకూ దేశీయమైన ‘హన్, తు, సె’. అందుకే ఎంతమంది అని అడిగితే ‘హన్ మ్యొంగియో’ (ఒక్కరండీ), వంతు అడిగితే ‘ఇరిన్‌బున్’. రెండు వరుసలూ కలిపితే ఎదుటివాళ్ళు మళ్ళీ అడుగుతారు.

తాడిపత్రి నుంచి:
పలకడం గురించి. రోమన్ లిపిలో ‘డి’తో రాస్తారు కాబట్టి మనం ‘డ్వేయో’ అంటాం. నాలుక మడవకూడదు, పైపళ్ళ వెనకాలే తగలాల. మాట మొదట్లో అది ‘త’కు దగ్గర, అచ్చు తర్వాతా ‘న్’ తర్వాతా ‘ద’. అందుకే ఒంటిగా త్వేయో, ‘అన్’ (కాదనడానికి ముందు పెట్టే మాట) తర్వాత ద్వేయో. అక్షరం ఒకటే. ఇంకొకటి, ప్రశ్నకు మన ‘ఆ’ లాంటి గుర్తు దీంట్లో లేదు. చివర గొంతు పైకి లేపితేనే ప్రశ్న. కిందికి దించితే ‘కార్డు అవుతుంది’ అని మీరే చెప్పినట్టు.

ప్రొద్దుటూరు నుంచి:
పోలిక బాగుంది గానీ హద్దు చెప్పకపోతే కొత్తవాళ్ళు పడిపోతారు. మనం ‘నాతో కాదు’, ‘నీకు అయితాదా?’ అని చేతనవడానికి కూడా వాడతాం. కొరియన్‌లో చేతనవడం, చేతకాకపోవడం వేరే నిర్మాణాలు. ‘నాకు కొరియన్ సరిగా రాదు’ అనడానికి ‘హన్‌గుంగ్‌మల్ చల్ మొథేయో’. దాంట్లో త్వేయో లేదు. అనుమతి అడగడంలోనూ మన మాట ఆగిపోతుంది. ‘ఫొటో తీసినా అయితాదా’ అని ఎవరూ అనరు, ‘తీసినా పర్వాలేదా’ అంటారు.

పెనుకొండ నుంచి:
రెండూ ఒప్పుకోవలసినవే సార్. అయితే అనుమతిలో మారేది చివరి మాటే, దాని ముందున్న ముక్క మనదే. ‘సాజిన్ చ్చిగొదొ ద్వేయో?’లో ఆ ‘ఒదొ’ మన ‘తీసినా’లోని ‘ఇనా’. ‘అన్జాదొ ద్వేయో?’ అంటే కూర్చున్నా పర్వాలేదా. మిగతావి ఇంకా దగ్గర:

‘కారాథామ్యొన్ ద్వేయో’: (బండి) మారితే అయిపోతుంది. మెట్రోలో దారి అడిగితే వినపడే జవాబు ఇదే.
‘తురొగామ్యొన్ అన్ ద్వేయో’: లోపలికి పోతే కాదు, అంటే పోకూడదు.
‘కాయా ద్వేయో’: పోతేనే అయితాది, అంటే పోవాల.

‘మ్యొన్’ను ‘తే’గా, ‘యా’ను ‘తేనే’గా వినడం అలవాటైతే, ముందున్న క్రియ తెలియకపోయినా వద్దంటున్నారో రమ్మంటున్నారో పట్టుకోవచ్చు. మాటల వరుస కూడా మనదే, క్రియ చివర వస్తుంది. కాబట్టి చివరిదాకా వినాల.

ఆదోని నుంచి:
అసలు చిక్కు ‘కాదు’లో ఉందక్కా. తెలుగులో ‘కార్డు కాదు’, ‘ఇది పుసాన్ బస్సు కాదు’ రెండింటికీ ఒకటే మాట. కొరియన్‌లో మొదటిది ‘అన్ ద్వేయో’, రెండోది ‘అనియేయో’. మనవాళ్ళు రెండుచోట్లా ‘అనియేయో’ అనేస్తారు. మా పక్క కన్నడం మాట్లాడేవాళ్ళకు ఇది సులువు: ఆగల్ల అంటే అన్ ద్వేయో, అల్ల అంటే అనియేయో, ఇల్ల అంటే ఒప్సొయో (లేదు). హిందూపురం, మడకశిర వాళ్ళకు కూడా ఇదే దారి. కన్నడం రానివాళ్ళు ‘వీలుకాదు’ అని పెట్టి చూసుకోండి. అది సరిపోతే అన్ ద్వేయో, సరిపోకపోతే అనియేయో.

అనంతపురం నుంచి:
చాలా స్పష్టంగా ఉంది. అడిగినప్పుడు జవాబు ‘అన్ ద్వేయో’ అనే వస్తుందా?

పెనుకొండ నుంచి:
ముఖం మీద అలా తక్కువ అంటారు. కొట్టువాళ్ళు మెత్తగా ‘అన్ ద్వెనుందెయో...’ అని సాగదీస్తారు. మన ‘అవదే మరి...’ లాంటిది. మాట పూర్తికాలేదని ఎదురుచూస్తూ నిలబడొద్దు, అది కాదనడమే. స్టేషన్లలో, ప్రకటనల్లో మర్యాద పెరిగి ‘త్వెమ్నిదా’, ‘అన్ ద్వెమ్నిదా’ అవుతుంది. క్రియ అదే.

భూతకాలం ‘త్వెస్సొయో’ జాగ్రత్తగా వాడాల. వంట అయింది, పని అయింది అనడానికి మంచిదే. ఎవరైనా ఇంకొంచెం వడ్డిస్తామంటే ‘త్వెస్సొయో’ అంటే మాత్రం ‘చాల్లే’ అన్నట్టు కటువుగా తగలొచ్చు. అక్కడ ‘క్వెన్‌ఛనాయో’ (పర్వాలేదండీ) అనండి.

ప్రొద్దుటూరు నుంచి:
శాకాహారుల కోసం ఒక మాట. ‘కోగి’ అంటే మాంసం. ‘కోగి ప్పె జుసెయో’ (మాంసం తీసేయండి) అని చెప్పినా కింబాప్‌లో (నాచు రేకులో చుట్టిన అన్నం) హ్యామ్ (ఉప్పులో ఊరబెట్టిన పందిమాంసం) ఉండిపోవచ్చు. చేపలనూ హ్యామ్‌నూ ఆ మాట కింద లెక్కపెట్టనివాళ్ళు ఉంటారు. ‘కోగి, సెంగ్‌సొన్, హెమ్’ అని మూడూ పేరుపెట్టి చెప్పాల. సెంగ్‌సొన్ అంటే చేప. కిమ్చీలో (పులియబెట్టిన కూరగాయల పచ్చడి) మామూలుగా ఉప్పురొయ్యలు గానీ చేపసారం గానీ ముందే కలిసి ఉంటుంది, తీయించే వీలు లేదు. ఒంటరివాళ్ళకు బిబింబాప్ (పైన కూరగాయలు పెట్టి ఇచ్చే అన్నం) మేలు. అది ఒక్కరి గిన్నెలోనే వస్తుంది, మాంసం పైన వేసేది కాబట్టి ముందే చెబితే ఆపుతారు.

తాడిపత్రి నుంచి:
మాట ఎంతకీ సాగకపోతే 1330కు ఫోన్ చేయొచ్చు. అది పర్యాటకుల సహాయ నంబరు, ఇంగ్లీషులో మాట్లాడతారు. పోలీసులకు 112, అంబులెన్సుకూ అగ్నిమాపకానికీ 119.