ఐదో నెలలో అన్నప్రాశన చేస్తే ఉగ్గు కూడా అప్పుడే మొదలుపెట్టాలా?

ప్రశ్న: కరీంనగర్ నుంచి ఒక తల్లి

మా పాపకు ఐదో నెల నడుస్తోంది. ఆడపిల్లకు బేసి నెలలో, మగపిల్లవాడికి సరి నెలలో అన్నప్రాశన చేయడం మా ఇంటి ఆనవాయితీ కనుక ఈ నెలలోనే ముహూర్తం పెట్టించాలని మా అత్తగారు అంటున్నారు. వేడుకకు నాకేమీ అభ్యంతరం లేదు. కానీ నా పాలు పాపకు చాలడం లేదని, ఆ మరునాటి నుంచే రెండు పూటలా రాగి జావ పట్టాలని ఆవిడ గట్టిగా నమ్ముతున్నారు. పాప రోజుకు ఏడెనిమిది సార్లు మూత్రం పోస్తోంది, బరువు కూడా నెలనెలా పెరుగుతూనే ఉంది. టీకాకు తీసుకెళ్లినప్పుడు డాక్టరు గారు ఆరు నెలల వరకు ఆగమన్నారు. ఆరు నెలలంటే వచ్చే నెలేనా? మొదట ఏం పెట్టాలి? గుడ్డు ఎప్పుడు పెట్టవచ్చు? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: రాజమహేంద్రవరం నుంచి, ఇద్దరు పిల్లల తల్లి

చెల్లెమ్మా, చిక్కంతా నెలల లెక్కలోనే ఉంది. మనం ఇంట్లో ‘ఆరో నెల’ అంటే ఐదు నెలలు నిండి ఆరోది నడుస్తోందని అర్థం; డాక్టర్లు చెప్పేది ఆరు నెలలు నిండాక, అంటే 180 రోజులు పూర్తయ్యాక అని. కాబట్టి మీ పాపకు ఏడో నెల వచ్చాకే గిన్నె, చెంచా తీయాలి. ఇప్పుడే జావ పడితే ఆ చిన్న పొట్ట నీళ్ల పిండితో నిండిపోయి పాలు తాగడం తగ్గుతుంది, పాలు తాగడం తగ్గితే మీకు పాలు పడటమూ తగ్గుతుంది. మీరు చెప్పిన మూత్రం లెక్క, బరువు చూస్తే పాలు సరిపోతున్నట్టే ఉంది. అత్తగారికి ఆ రెండూ చూపించి నెమ్మదిగా చెప్పండి.

నా పెద్దబాబు విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని ఇది రాస్తున్నాను. వాడికి రాగి జావను పల్చగా కాచి సీసాలో పోసి పట్టేదాన్ని. కడుపు నిండి నిద్రపోతున్నాడని సంతోషించాను కానీ రెండు నెలలు బరువు దాదాపు కదలలేదు. చెంచాను పక్కకు వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలని అప్పుడు మా డాక్టరమ్మ చేసి చూపించారు. చిన్నవాడి వేళకు రాగులు ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, తెల్లని మొలక కనబడగానే నీడన ఆరబెట్టి, దోరగా వేయించి మర ఆడించి, పల్చని నూలుగుడ్డతో జల్లించాను. మొలకెత్తిన రాగుల పిండి ఉడికినా అంతగా గట్టిపడదు కనుక అదే గిన్నెలో ఎక్కువ పిండి పడుతుంది. దానికి అర చెంచా నెయ్యి కలిపేదాన్ని. ఉప్పు, పంచదార ఏడాది దాకా వేయలేదు.

జవాబు: నల్గొండ జిల్లా నుంచి, అంగన్‌వాడీ టీచరు

అమ్మా, రాగుల్లో కాల్షియం బాగా ఉంటుంది కానీ రాగి జావ ఒక్కటే చాలదు. పుట్టుకతో బిడ్డ ఒంట్లో ఉన్న ఇనుము నిల్వ ఆరు నెలలకల్లా తరిగిపోతుంది, తల్లిపాలలో ఇనుము తక్కువే. అందుకే బియ్యం, పెసరపప్పు వేయించి రవ్వగా విసిరిన ఉగ్గుతో మొదలుపెట్టినా, కొద్ది రోజుల్లోనే మెత్తగా ఉడికించిన పప్పు, ఆకుకూర, గుడ్డు చేర్చాలి. గుడ్డు వేడి చేస్తుందని ఏడాది ఆపాల్సిన పని లేదు; ఆరు నెలలు నిండాక పూర్తిగా ఉడికించి, మెత్తగా మెదిపి పెట్టవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు 6 నుంచి 23 నెలల పిల్లలకు గుడ్డు, చేప, మాంసం వంటివి రోజూ పెట్టమంటున్నాయి.

మొదట్లో పూటకు రెండు మూడు చెంచాలు, రోజుకు రెండు పూటలు చాలు. ఎనిమిదో నెల నిండేలోపు మెల్లగా అర కప్పుకు తేవాలి. కొత్త పదార్థం ఒక్కటొక్కటిగా, మధ్యలో రెండు మూడు రోజుల ఎడంతో పెడితే ఏది పడలేదో తెలుస్తుంది. తల్లిపాలు రెండేళ్ల వరకు కొనసాగించండి. ఆరు నెలలు నిండాక ఇచ్చే ఐరన్ సిరప్ గురించి మీ ఆశా కార్యకర్తను, ఏడో నెల నుంచి వచ్చే బాలామృతం అనే పోషకాహార పిండి గురించి మీ అంగన్‌వాడీలో అడగండి. బాలామృతంలో చక్కెర ముందే ఉంటుంది కాబట్టి మళ్లీ బెల్లం కలపవద్దు.

జవాబు: గుంటూరు నుంచి ఒక అమ్మమ్మ

తల్లీ, అన్నప్రాశన నాడు తేనె నాకించే ఇళ్లున్నాయి, అది మాత్రం ఒప్పుకోకు. ఏడాదిలోపు పిల్లలకు తేనె ప్రమాదమని, అందులో ఉండే సూక్ష్మజీవి వల్ల కండరాలు చచ్చుబడే జబ్బు రావచ్చని మా మనవడి డాక్టరు చెప్పారు. మీ అత్తగారి మనసు కష్టపెట్టకుండా వేడుకను ఏడో నెలకు జరపమని అడిగి చూడు, అదీ బేసి నెలే కదా!

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ కృతజ్ఞతలు. అమ్మమ్మ గారు చెప్పిన ఏడో నెల మాట మా అత్తగారికి వెంటనే నచ్చింది. నిన్ననే పంతులు గారికి ఫోను చేసి, పాపకు ఆరు నెలలు నిండిన తరువాత ఉన్న మంచిరోజు చూడమన్నారు. ఈలోగా మొలకల కోసం ఒక కిలో రాగులు ఏరి పెట్టే బాధ్యత ఆవిడే తీసుకున్నారు.