రెండు టెరాబైట్ల కొండలూ చెరువులూ... ఇవన్నీ ఏం చేస్తాం?

గోదారి_రేవు:
తొమ్మిదేళ్లుగా కెమెరా పట్టుకుని తిరుగుతున్నాను. పెళ్లిళ్లు తీయను, డబ్బు తీసుకోను. కొండలు, ఏర్లు, చెరువులు, అంతే. మొన్న సంక్రాంతి సెలవుల్లో చీకటితోనే వంజంగి కొండెక్కాను. పైకెళ్తే అక్కడ జాతరలా జనం. లోయ నిండా మబ్బులు పరుచుకున్నాయి, పొద్దు పొడిచింది, అందరితోపాటు నేనూ నొక్కాను. కిందికి దిగి టీ తాగుతూ ఫోన్ తెరిస్తే అదే ఫొటో అప్పటికే పదిమంది పెట్టేశారు. కొన్ని నాదానికంటే బాగున్నాయి కూడా. ఇంటికొచ్చాక మా ఆవిడ మామూలుగానే అడిగింది, "ఇవన్నీ ఏం చేస్తారు?" అని. నోట మాట రాలేదు. డిస్క్ నిండిపోయింది, గోడ మీద ఒక్క ఫొటో లేదు. కెమెరా అమ్మేద్దామా అనిపిస్తోంది. మీకెవరికైనా ఇలా అయిందా?

పెన్న_ఒడ్డు:
అర్థం, పరమార్థం అంటూ బుర్ర పాడుచేసుకోకు బ్రో. ఆదివారం క్రికెట్ ఆడేవాణ్ని ఎందుకు ఆడుతున్నావని ఎవరైనా అడుగుతారా? గండికోటకి నేను ఐదుసార్లు వెళ్లాను. మొదటిసారి మిట్టమధ్యాహ్నం. అంత లోతు లోయ ఫొటోలో చదునుగా, ఇటుకల గోడలా వచ్చింది. ఎండ పక్కనుంచి పడితేనే రాళ్ల అంచులు విడివిడిగా లేస్తాయని అక్కడే తెలిసింది. ఐదోసారి సాయంత్రం నాలుగు నుంచి ఒకే బండ మీద కూర్చున్నాను. పెన్న మీదికి నీడ ఎక్కుతుంటే చూడటం బాగుంది. నాకది చాలు.

రీలు_తాత:
బాబూ, ఇప్పుడు అమ్మితే సగం ధర కూడా రాదు, ఉంచుకో.
మా రోజుల్లో రీలుకి 36 ఫొటోలే. మదనపల్లె నుంచి బస్సులో హార్స్‌లీ కొండకి పోయి, తీసి, కడిగించి, ప్రింట్లు చేతికొచ్చేసరికి వారం. మూడు బాగుంటే పండగే. అలాగని ఆ రోజులే గొప్పవని అనను. డబ్బు లేక తీయని ఫొటోలు ఇప్పటికీ కళ్లముందు ఆడతాయి.
అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ సంగతి ఒకటి చెబుతాను. 1941లో న్యూ మెక్సికోలో హెర్నాండెజ్ అనే ఊరి పక్కగా పోతూ, ఊరి మీద చంద్రుడు కనిపించి బండి ఆపాడు. కంగారులో వెలుతురు కొలిచే లైట్ మీటర్ దొరకలేదు. చంద్రుడి వెలుగు ఎంతో ఆయనకి తెలుసు, ఆ లెక్కతోనే ఒకటి తీశాడు. రెండోది తీద్దామనేలోగా సమాధుల శిలువల మీద ఎండ పోయింది. తర్వాత ఆ ఒక్క నెగటివ్‌తో ఏళ్ల తరబడి కుస్తీ పట్టాడు, ప్రింట్ల మీద ప్రింట్లు వేశాడు. ఆకాశం పోనుపోను నల్లబడింది. తీసిన తేదీ మాత్రం ఆయనకే గుర్తులేదు. చంద్రుడున్న చోటును బట్టి ఖగోళం తెలిసినవాళ్లు లెక్కగట్టి నవంబర్ 1 అని తేల్చారు. నువ్వేమో తీసిందల్లా డిస్క్‌లో వేసి మూత పెడుతున్నావు.

మత్తడి_దుంకె:
అన్నా, నాది వరంగల్ దిక్కు. 2020 లాక్‌డౌన్‌లో ఊరి చెరువు తప్ప ఇంకో దారి లేకపోయింది. కట్ట మీద ఒక రాయి గుర్తు పెట్టుకుని, అక్కడే నిలబడి, అదే లెన్స్‌తో ప్రతి ఆదివారం ఒకటి తీశాను. ఏడాదిన్నర. మొదట్లో పిచ్చి విసుగు. ఎండాకాలం నెర్రెలు వాసిన మట్టి, నడుమ ఒక తుమ్మచెట్టు, ఒక బర్రె. ఆ తర్వాత వానలు పడి చెరువు నిండి మత్తడి దుంకింది, తుమ్మచెట్టు మొదలు దాకా మునిగింది.
ఒకరోజు అన్నీ వరసగా పెట్టి బాపుకి చూపించాను. నేను మబ్బుల రంగులు చూపిస్తున్నాను. ఆయన చూపు తూము పక్కన బండ మీదే ఉంది. "నీళ్లు ఈడిదాక ఉంటే యాసంగికి ఢోకా లేదు" అన్నాడు. ఇంకోదానికి పోయి, "ఇగో ఈ వారమే మనం నారు పోసింది" అన్నాడు. డెబ్బై ఫొటోల్లో ఆయన ఆకాశం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అప్పటినుంచి ఆ బండ ఫ్రేములోకి రాకుండా నేను ఫొటో తీయను.

ఉప్పాడ_అల:
మత్తడి అన్నా, అది చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. ప్రస్తుతం ఉండేది అమెరికాలో. యూటాలో మీసా ఆర్చ్ అనే రాతి తోరణం దగ్గర తెల్లవారుజామున ట్రైపాడ్ కాలు పెట్టడానికి చోటుండదు, కాబట్టి వంజంగి జాతర ఇక్కడా ఉంది. కిందటేడు ఇంటికి వచ్చినప్పుడు ఏసీ గదిలోంచి నేరుగా ఉప్పాడ బీచ్‌కి వెళ్తే లెన్స్ మీద ఆవిరి. తుడిచినకొద్దీ కమ్ముతోంది. ఈలోగా సూర్యుడు పైకొచ్చేశాడు. దీనికేం చేస్తారు?

రీలు_తాత:
బయటికి వెళ్లే గంట ముందే కెమెరాని, బ్యాగు జిప్పు తీయకుండా, ఏసీ లేని గదిలో పెట్టమ్మా. మెల్లగా వేడెక్కితే ఆవిరి పట్టదు. మధ్యలో లెన్స్ మాత్రం విప్పకు, తడి లోపలికి చేరుతుంది.

గోదారి_రేవు:
మూడు వారాల తర్వాత వస్తున్నాను, ఏమనుకోకండి. ఆ డిస్క్ అంతా వెతికాను. లడఖ్ ఉంది, అరకు ఉంది. మా కొవ్వూరు రేవు ఒక్కటంటే ఒక్కటి లేదు. పోయిన శనివారం ఊరెళ్లి గోష్పాద క్షేత్రం మెట్ల మీద కూర్చున్నాను. రాజమండ్రి వైపు నుంచి పొద్దు పొడవాలి. పొడవలేదు, అంతా మంచు. రోడ్డు కమ్ రైలు వంతెన సగం దాకా కనిపించి అక్కడితో ఆగిపోయింది. మంచులో రైలు పోతున్న చప్పుడు, రైలు మాత్రం కనిపించదు. మా ఆవిడ కూడా వచ్చింది, చలికి చెంగు కప్పుకుని కింద మెట్టు మీద నిలబడింది. ఆమె వీపు, సగం వంతెన, అంతే ఫొటో. ప్రింట్ వేయించాను. ఒకటే బాధ, స్క్రీన్ మీద తెల్లగా ఉన్న మంచు కాగితం మీద బూడిద రంగులో వచ్చింది. గురువుగారూ, ల్యాబ్ తప్పా, నాదా?

రీలు_తాత:
నీదే. స్క్రీన్ వెలుతురు నిండా పెట్టుకుని ఎడిట్ చేసి ఉంటావు. సగానికి తగ్గించి, పక్కన తెల్ల కాగితం పెట్టుకుని మళ్లీ చూడు. ముందు చిన్న సైజులో ఒకటి వేయించు, పెద్దది తర్వాత. అమ్మాయి చెంగు రంగు మాత్రం ముట్టుకోకు.