మద్యపాన వ్యతిరేకతకూ బానిసత్వ నిర్మూలనకూ ఉన్న సంబంధం ఎంత లోతైనది?

ప్రశ్న: పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా చరిత్ర చదువుతుంటే, మద్యం మాన్పించడానికి ఊరూరా తిరిగినవారిలో చాలామంది బానిసత్వ వ్యతిరేక సభల్లోనూ కనిపిస్తున్నారు. విలియం లాయిడ్ గారిసన్ 1831లో బానిసత్వ వ్యతిరేక పత్రిక ‘లిబరేటర్’ను స్థాపించడానికి ముందు, 1828లో బోస్టన్‌లో మద్యపాన వ్యతిరేక పత్రికకు సంపాదకులుగా పనిచేశారు. దీనికి కారణం వారందరూ ఒకే మతవాతావరణంలో పెరగడమేనా, లేక అంతకు మించిన సంబంధం ఉందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం: మతవాతావరణం ఒక కారణమే. అయితే అసలు సంబంధం తెలియాలంటే సంస్కర్తల మాటలకన్నా ముందు బానిసలుగా బతికినవారి మాట వినాలి. ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో వెలువరించిన ఆత్మకథలో, క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ మధ్య బానిసలకు ఇచ్చే సెలవులను వర్ణించారు. ఆ రోజుల్లో యజమానులు ఎవరి బానిస ఎక్కువ విస్కీ తాగగలడో పందేలు కాసేవారు; పండుగకు తాగకపోవడం నామోషీగా చెలామణీ అయ్యేది. మత్తు దిగి రోత పుట్టాక, స్వేచ్ఛ అంటే ఇదే అయితే దీనికన్నా పొలం పనే నయమని బానిసలే అనుకోవాలన్నది యజమానుల ఎత్తుగడ అని డగ్లస్ తేల్చి చెప్పారు. అదే ఏడాది ఆయన ఐర్లండ్ వెళ్లి, అక్కడి మద్యపాన వ్యతిరేక ఉద్యమ నాయకుడైన క్యాథలిక్ మతగురువు ఫాదర్ థియోబాల్డ్ మాథ్యూ సమక్షంలో మద్యం ముట్టనని ప్రమాణం చేశారు.

రెండో సమాధానం: ఫాదర్ మాథ్యూ ప్రస్తావన వచ్చింది కనుక తరువాతి కథ కూడా చెప్పాలి. బానిసత్వాన్ని ఎదిరించమని అమెరికాలోని ఐరిష్ ప్రజలను కోరుతూ 1842 ప్రాంతంలో పంపిన విజ్ఞప్తిపై ఐరిష్ రాజకీయ నాయకుడు డేనియల్ ఓకానెల్‌తోపాటు ఫాదర్ మాథ్యూ కూడా సంతకం చేశారు. కానీ 1849లో అమెరికా వచ్చినప్పుడు, గారిసన్ స్వయంగా కలిసి అడిగినా, తాను వచ్చిన పనికి అది అడ్డమవుతుందని బానిసత్వంపై నోరు విప్పలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. అలా మౌనంగా ఉన్నా, పాత సంతకం సంగతి బయటపడగానే, దక్షిణాది రాష్ట్రమైన జార్జియాలో మద్యపాన వ్యతిరేక ఉద్యమానికి నాయకుడైన న్యాయమూర్తి జోసెఫ్ హెన్రీ లంప్‌కిన్ ఆయనకు పంపిన ఆహ్వానాన్ని వెనక్కి తీసుకున్నారు. మద్యాన్ని పాపమంటూనే మనుషులను ఆస్తిగా ఉంచుకోవడానికి దక్షిణాది పెద్దలకు మనస్సాక్షి అడ్డు రాలేదు. అందువల్ల ఒక ఉద్యమంలో ఉన్నవారు రెండోదానిలోనూ ఉంటారని అనుకోలేము.

మూడో సమాధానం: పై మాట శ్వేతజాతి నాయకుల విషయంలో నిజం. ఉత్తరాది నల్లజాతివారికి మాత్రం ఈ రెండూ ఒకే పోరాటం. 1842 ఆగస్టు 1న ఫిలడెల్ఫియాలో వారి మద్యపాన వ్యతిరేక సంఘం, బ్రిటిష్ వెస్టిండీస్‌లో బానిసత్వం రద్దైన రోజును పురస్కరించుకొని ఊరేగింపు తీసింది. వారు పట్టిన జెండాపై తెగిన సంకెళ్లను చూపిస్తున్న విముక్త బానిస బొమ్మ ఉంది. మద్యం మాని, వరుసలు కట్టి నడుస్తున్న ఆ నల్లజాతివారు తమతో సమానులుగా కనిపించడమే అల్లరిమూకకు కంటగింపైందని నా అభిప్రాయం. మూక ఊరేగింపుపై పడి కొట్టడమే కాక, నల్లజాతివారు సభలు జరుపుకొనే స్మిత్ హాలునూ వారి ప్రెస్బిటేరియన్ చర్చినీ తగులబెట్టింది.